గాలి బండెక్కిన కథ

రాయచూరు జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. ఎండాకాలం వచ్చేసరికి రెండు నదుల్లోనూ ఇసుక మేటలు బయటపడతాయి. నడుమ ఉన్న నేలలో చాలా భాగం నల్లరేగడి. ఫోర్ వీల్ జీపుతో ఆ నదుల ఇసుకలోకి దిగేవాడు ముందుగా చేసే పని ఒకటుంది. చక్రం పక్కన గొంతుకూర్చుని, వాల్వు మూత విప్పి, పుల్లతో పిన్ను నొక్కుతాడు. సుయ్‌మని గాలి బయటికొస్తుంది. 32 పౌండ్ల ఒత్తిడి ఉన్న టైరు పదహారుకో పద్దెనిమిదికో దిగుతుంది. టైరు పొట్ట కాస్త ఉబ్బి, నేలకు ఆనే అడుగు పొడవవుతుంది. బరువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది కాబట్టి అంతకుముందు కూరుకుపోయిన బండే ఇప్పుడు ఇసుక మీద నడిచిపోతుంది.

ఇంతవరకూ పైసా ఖర్చు లేదు. చిక్కంతా తిరిగి తారు రోడ్డెక్కినప్పుడు. సగం గాలితో వేగంగా పోతే టైరు పక్కలు మడతపడుతూ వేడెక్కి చివరికి పగులుతాయి. పంచరు షాపు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలియదు. అందుకే జీపులోనే కంప్రెసర్ బిగించుకుంటున్నారు. నింపుకోగలమన్న భరోసా ఉంటేనే గాలి తీయడానికి చెయ్యి వస్తుంది. బానెట్ కింద కూర్చున్న ఆ చిన్న యంత్రం అసలు విలువ అదే. దాని పుట్టుక మాత్రం టైరుతో ముడిపడింది కాదు.

గాలిని పట్టి ఒత్తి పంపడం కమ్మరి కొలిమి తిత్తి దగ్గర మొదలైంది. తిత్తి తెరిస్తే తోలు మూత లేచి గాలి లోపలికొస్తుంది, నొక్కితే ఆ మూత పడి గాలి నిప్పు మీదికి పోతుంది. నేటి కంప్రెసర్లోనూ వాల్వులు చేసేది ఆ పనే. తోలు తిత్తి బదులు పిస్టన్, సిలిండర్ వచ్చాయి.

ఆ గాలి చేత మొదట్లో బరువు పని చేయించినవాళ్లలో కొండలు తొలిచేవాళ్లున్నారు. ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఆల్ప్స్ కింద మాన్ సెనీ సొరంగానికి 1857లో పని మొదలైంది. చేత్తో తొలిస్తే పాతికేళ్లు పట్టేలా ఉందని జర్మెన్ సోమెయే అనే ఇంజనీరు గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు దింపాడు. 1871లో సొరంగంలో రైలు నడిచింది. ఆ పని సాగుతుండగానే అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే యువకుడు దాని గురించి పత్రికలో చదివాడు. అంత దూరం గొట్టాల్లో పోయిన గాలి రాతిని తొలుస్తుంటే, రైలు పొడుగునా పోయి చక్రాలను ఎందుకు ఆపలేదనుకున్నాడు. 1869లో ఎయిర్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. రైలింజన్ మీదే ఆవిరితో నడిచే గాలిపంపు, పక్కనే గాలి నిలవచేసే ట్యాంకు. నేను చూసినంతలో, కదిలే బండి మీద కంప్రెసర్ స్థిరంగా కాపురం పెట్టింది అక్కడే.

మాన్ సెనీ పూర్తయిన 1871లోనే బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గం, మద్రాసు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే మార్గం రాయచూరులో కలిశాయి. అయితే మన రైళ్లు ఆ తర్వాత చాలాకాలం ఎక్కువగా వాక్యూమ్ బ్రేకుల మీదే నడిచాయి. అవి గాలి నింపేవి కావు, గాలి తోడేసేవి. ఒత్తిడి గాలి ఈ జిల్లా జీవితంలోకి గట్టిగా వచ్చింది గనుల దారిన. లింగసుగూరు తాలూకా హట్టి బంగారు గనిలో రాతిని తొలిచే డ్రిల్లులకు కావలసింది అదే.

టైరు కథ వేరే దారిన నడిచింది. గాలి చక్రానికి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నా అది నిలవలేదు. 1887-88లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసిందే లోకమంతా పాకింది. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్ల కారు నడిపి, దారి పొడవునా పంచర్లు వేసుకుంటూనే గమ్యం చేరారు. కారుకు గాలి టైరు వచ్చిందంటే గాలి కొట్టే చాకిరీ కూడా వచ్చినట్టే. సైకిలు పంపు కొట్టినవాళ్లకు ఆ బాధ తెలుసు. కాసేపు కొట్టేసరికి సిలిండర్ అడుగు చేతికి వేడిగా తగులుతుంది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది, ఎన్ని కొత్త యంత్రాలొచ్చినా ఆ ధర్మం మారలేదు.

చాకిరీ తప్పించడానికి 1900ల మొదట్లో తమాషా పరికరాలు వచ్చాయి. ఒక స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో చిన్న పంపు బిగిస్తే, ఇంజన్ మిగతా సిలిండర్ల మీద తిరుగుతూ టైరు నింపేది. ఖరీదైన కార్లలో ఇంజన్ గేర్లతో తిరిగే పంపులూ ఉండేవి. స్టెపిని టైరు మామూలై, పెట్రోలు బంకుల్లో గాలి దొరకడం మొదలయ్యాక కార్ల నుంచి ఆ పంపులు మాయమైపోయాయి. బంకు లేనిచోటికి పోయేవాళ్లకు మాత్రం వాటి అవసరం తీరలేదు. లిబియా ఎడారిలో కార్లు నడిపిన బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నాల్డ్ వంటివారు టైర్ల గాలి తగ్గించి ఇసుక దిబ్బలు దాటారు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్లు చేసిన డక్ అనే నీటి లారీలో డ్రైవరు సీట్లోంచే, బండి నడుస్తుండగానే టైర్లలో గాలి తగ్గించి పెంచే ఏర్పాటు వచ్చింది. సముద్రంలోంచి ఇసుక తీరానికి ఎక్కే బండికి అది అక్కర.

మన రోడ్ల మీద కంప్రెసర్‌ను మోసింది లారీ. మద్రాసులో 1962లో మొదలైన సుందరం క్లేటన్ వంటి సంస్థలు ఎయిర్ బ్రేకులు తయారు చేశాక, పెద్ద బండ్లలో ఇంజన్‌తో తిరిగే కంప్రెసర్ మామూలైంది. దారిలో టైరు మెత్తబడితే క్లీనరు బ్రేకు ట్యాంకు దగ్గర పైపు తగిలించి గాలి పట్టడం, అదే పైపుతో ఎయిర్ ఫిల్టర్ దుమ్ము ఊదడం చూసే ఉంటారు. ఇక రాయచూరు పల్లెల్లో కంప్రెసర్ ట్రాక్టరు తెలియనిదెవరికి? బావి తవ్వకంలో బండ అడ్డొస్తే ఆ ట్రాక్టరు వచ్చి నిలబడేది. దాని గాలితో డ్రిల్లు బండకు రంధ్రాలు వేసేది. అందుకే జీపులో కంప్రెసర్ బిగించడం ఈ ఊళ్లకు విదేశీ వింత అనిపించదు నాకు. తుంగభద్ర డ్యామ్ వచ్చాక ఆంధ్ర నుంచి వచ్చి సింధనూరు చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్న వరి రైతులు కూడా మెత్తని నేలతో పోరు పడినవాళ్లే. వాళ్లు దమ్ముకు ఇనుప చక్రాలు బిగించారు. ఆ చక్రాలు తారు రోడ్డుకు పనికిరావు. టైరులో గాలి మార్చుకుంటే అదే చక్రం రెండు చోట్లా నడుస్తుంది.

జీపు షోకు ఉన్నవాళ్లకు నేటి రూపం వచ్చింది ఎక్కువగా ఆస్ట్రేలియా, అమెరికాల నుంచి. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ 1987లో గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకును (ఇరుసుకున్న రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరాన్ని) చేపట్టింది. ఆ లాకుకు గాలి కావాలి, గాలికి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కావాలి, అది ఉండగా టైరు నింపుకోకపోవడమెందుకు? అమెరికాలో కొందరు యార్క్ అనే పాత ఏసీ కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టుకు తగిలించారు. అన్ని ఏసీ కంప్రెసర్లూ దీనికి పనికిరావు. చాలావాటికి నూనె ఏసీ గ్యాసుతో కలిసి తిరుగుతుంది, ఉత్త గాలి లాగిస్తే ఎండి పట్టేస్తాయి. యార్క్‌కు నూనె తొట్టి సొంతంగా ఉంది.

బిగించేటప్పుడు చెప్పుకోవలసిన లెక్క ఒకటుంది. జీపు టైరులో ఖాళీ సుమారు 70 లీటర్లు. దాన్ని 16 నుంచి 32 పౌండ్లకు తేవాలంటే ఇంకో 75 లీటర్లకు పైగా బయటి గాలి ఎక్కాలి. నిమిషానికి 70 లీటర్లిచ్చే పంపుకు నాలుగు టైర్లకు నాలుగు నిమిషాల చిల్లర. తొమ్మిది లీటర్ల ట్యాంకులో 100 పౌండ్ల గాలి నిలవున్నా ఒక్క టైరు సగమే నిండుతుంది. కాబట్టి డబ్బు ట్యాంకు మీద కాక పంపు మీద పెట్టడమే మంచిది. ఇలాంటి పెద్ద పంపులు 20 ఆంపియర్లకు పైగా లాగుతాయి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. బ్యాటరీ నుంచి లావు తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, రిలే ఉండాలి, నింపేటప్పుడు ఇంజన్ నడుస్తుండాలి. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, నీళ్లు తగలని ఎత్తులో బిగించాలి. రేగడి దుమ్ము సన్నం కాబట్టి ఫిల్టర్ తరచూ దులపాలి. ట్యాంకు ఉంటే అడుగున చేరే నీళ్లు వదలాలి, లేకపోతే లోపల తుప్పు పడుతుంది.

వానాకాలం తడిసిన రేగడిలో ఈ కంప్రెసర్‌ను నమ్ముకుని దిగకండి. అక్కడ గాలి తగ్గించినా టైరు గళ్లలో మట్టి నిండి చక్రం నున్నటి ముద్దయిపోతుంది. ఇసుకకు, గులకరాళ్లకు, బండ్ల బాటకు ఇది పనికొచ్చే వస్తువు. కంప్రెసర్ కొనబోయే ముందు మంచి గేజీ ఒకటి కొనండి, ఏ టైరులో ఎంత ఉందో మీ కంటితో చూసుకోండి. తారు రోడ్డెక్కే ముందు నాలుగు చక్రాల్లోనూ గాలి నింపందే బండి కదపకండి.