కోర్టు ఊరికి వచ్చిన రోజు

మా ఈపూరు పల్లెలో సాక్ష్యానికి పిలుపొస్తే మొదట అడిగేది, "కూలి పోతుంది కదా?" అనే. అప్పటి మన గుంటూరు జిల్లాలోనే చుండూరు ఈ ప్రశ్నకు బదులు వెతికింది.

1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే నడిచింది. సాక్షులు సొంత ఊళ్లోనే బోనెక్కారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది.

తీర్పు పోయినా దారి మిగిలింది. 2016 నుంచి అదే చట్టంలో 15ఎ సెక్షన్ ఉంది. బాధితుల, సాక్షుల ప్రయాణ ఖర్చు, విచారణ రోజుల పోషణ ఖర్చు ఇప్పించాల్సింది ప్రత్యేక కోర్టే. వాయిదాకు వెళ్తే అడగండి. అది దయ కాదు, హక్కు.

జై భీమ్.