కౌన్సిల్ మారింది, కౌంటీ మారలేదు

మా సాడిల్‌వర్త్‌లో ఏటా ఆగస్టు 1న యార్క్‌షైర్ దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు మా పక్కింటి పెద్దాయన కిటికీకి తెల్ల గులాబీ జెండా కడతారు. ఆ కిటికీ కింద ఉన్న చెత్తడబ్బా మీద మాత్రం ఓల్డమ్ కౌన్సిల్ పేరుంటుంది. ఓల్డమ్ గ్రేటర్ మాంచెస్టర్‌లో భాగం. పన్ను అక్కడికి కడతారు, ఊరేదంటే మాత్రం యార్క్‌షైర్ అంటారు.

ఇంగ్లండ్ కౌంటీలు చాలావరకు వెయ్యేళ్ల నాటివి. 1972లో చేసిన చట్టం 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి వాటి పాలనా సరిహద్దులను తిరగరాసింది. అప్పటిదాకా సాడిల్‌వర్త్ యార్క్‌షైర్‌లోని వెస్ట్ రైడింగ్‌లో ఉండేది. కానీ ఊళ్లన్నీ పెనైన్ కొండలకు పడమటి పక్కన ఉన్నాయి, ఇక్కడి టేమ్ నది కూడా పడమరకే పారుతుంది. పటం గీసినవాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. వాళ్లు పట్టించుకోనిది జనం దేన్ని తమదనుకుంటున్నారో, దాన్ని.

ఆ అభిమానం ఎంత గట్టిదో క్రికెట్ చూస్తే తెలుస్తుంది. యార్క్‌షైర్ గడ్డ మీద పుట్టినవాళ్లనే జట్టులోకి తీసుకోవాలన్న పట్టుదల ఆ క్లబ్బుకు దశాబ్దాల పాటు ఉండేది. అది సడలాక 1992లో ఆ జట్టుకు ఆడిన తొలి విదేశీ ఆటగాడు మన సచిన్ టెండూల్కరే. అప్పటికి 19 ఏళ్లవాడు.

1974లో హంబర్ నదికి రెండు ఒడ్డులనూ కలిపి హంబర్‌సైడ్ అనే కొత్త కౌంటీని పుట్టించారు. 1981లో నది మీద పెద్ద వంతెన తెరిచారు. రాకపోకలు పెరిగాయి గానీ, ఉత్తరపు ఒడ్డువాళ్లు యార్క్‌షైర్‌వాళ్లుగానే, దక్షిణపువాళ్లు లింకన్‌షైర్‌వాళ్లుగానే మిగిలారు. 1996లో ఆ కౌంటీ రద్దయింది. లెస్టర్‌షైర్‌లో కలిపేసిన బుల్లి రట్లండ్ మరుసటి ఏడాదే తన కౌన్సిల్‌ను తిరిగి తెచ్చుకుంది.

భద్రాచలం ప్రాంతంవాళ్లకు ఇదంతా విడమరచి చెప్పనక్కర్లేదు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారిన ప్రాంతం అది. 2014లో గుడి ఉన్న పట్టణం తెలంగాణలో ఉండిపోగా, చుట్టుపక్కల పల్లెలు ఎన్నో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి.

పాలన కోసం గీతలు జరపక తప్పదు, ఆ మాట ఒప్పుకుంటాను. గీతతో పాటు పేరును కూడా చెరిపేయడమే అన్యాయం. 1974లో నాలుగు కౌంటీల ప్రాంతాలను చేర్చి కంబ్రియాను చేశారు. 2023లో దాని కౌన్సిల్‌ను రద్దు చేసి రెండు కౌన్సిళ్లు పెట్టినప్పుడు, వాటి పేర్ల కోసం కొత్తగా ఆలోచించలేదు. 49 ఏళ్ల కింద తీసేసిన కంబర్‌లాండ్, వెస్ట్‌మోర్‌లాండ్‌లనే మళ్లీ బోర్డుల మీదికి ఎక్కించారు.