కరెంటు

ఒక అనువాదంలో బ్యాంకు కరెంట్ అకౌంట్‌ను ‘విద్యుత్ ఖాతా’ అన్నారు. చదివి మనసు చివుక్కుమంది. లాటిన్‌లో ‘కుర్రెరె’ అంటే పరుగెత్తడం. ఆ ధాతువే పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి ఏటి వడి అయింది, నడుస్తున్న కాలమూ అయింది; తీగలోకి ఎక్కింది చాలా తర్వాత. చేతులు మారుతూ తిరిగే కరెన్సీ, ఉత్తరం మోసే కొరియర్, తెర మీది కర్సర్ ఆ ఇంటివే. పోటీపరీక్షల కుర్రాళ్లకు కరెంట్ అఫైర్స్ అంటే వర్తమానమని బాగా తెలుసు. మిగతా వేళల్లో మాత్రం తెలుగులో కరెంటంటే విద్యుత్తే: కరెంటు స్తంభం, కరెంటు బిల్లు, కరెంటు కోత. సంస్కృతంలో విద్యుత్తంటే మెరుపు. అందులో పరుగు లేదు. బోరు మోటారు దగ్గర కాపుకాసిన రైతు “కరెంటొచ్చింది, మడికి నీళ్లు పారతయ్” అన్నప్పుడు తీగలోనూ కాలవలోనూ ఆ పరుగే.