రోథమ్‌స్టెడ్ పెంట ఎరువు

రసాయన ఎరువు వేస్తే నేలలోని బాక్టీరియా చచ్చిపోతుందన్న మాట బాగా పాతుకుపోయింది. దాన్ని తేల్చగల అన్నిటికన్నా పాత సాక్షి లండన్‌కు ఉత్తరాన, రోథమ్‌స్టెడ్‌లో ఉంది. అక్కడి బ్రాడ్‌బాక్ చేలో 1843లో జాన్ లాస్, జోసెఫ్ గిల్బర్ట్ గోధుమ విత్తించారు. ఒక మడికి ఏమీ వేయలేదు. కొన్నిటికి రసాయన లవణాలు, ఒకదానికి ఏటా ఎకరాకు 14 టన్నుల పశువుల ఎరువు. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. లాస్ 1842లో సూపర్ ఫాస్ఫేట్‌కు పేటెంట్ పొందిన ఎరువుల వ్యాపారి. తన సరుకు పక్కనే పెంట ఎరువునూ నిలబెట్టాడు కాబట్టే ఈ సాక్ష్యాన్ని పక్షపాతమని కొట్టిపారేయలేం.

గింజల లెక్కలో పెంట ఎరువు మడీ, నత్రజని, భాస్వరం, పొటాష్ సరిపడా అందిన మడీ చాలాకాలం ఇంచుమించు సమానంగా పండాయి. తేడా మట్టి లోపల ఉంది, అది ఆ ఇద్దరికీ అందలేదు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయా అని 1850ల చివర వాళ్లు మట్టిని కాల్చి మరీ పరీక్షించారు. వేరు బుడిపెలు కట్టించే బాక్టీరియా ఆ సెగకే పోయింది, పట్టుకోవన్న జవాబే వచ్చింది! ఆ బాక్టీరియా సాయంతోనే అవి నత్రజనిని పట్టుకుంటాయని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ బయటపెట్టారు. నేలలోని సూక్ష్మజీవరాశిని తూచే పద్ధతి మాత్రం 1976లో రోథమ్‌స్టెడ్‌లోనే పుట్టింది. జెంకిన్సన్, పౌల్సన్ మట్టికి క్లోరోఫాం ఆవిరి పట్టించి జీవులను చంపి, ఆ కళేబరాలు కుళ్లేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచారు. పెంట ఎరువు మడిలో జీవరాశి రసాయన మడికి దాదాపు రెట్టింపు తేలింది. అలాగని రసాయన మడి గొడ్డుబోలేదు. పైరు ఏపుగా పెరిగి వేళ్లూ కొయ్యకాళ్లూ ఎక్కువ మిగలడంతో, ఏమీ వేయని మడికన్నా అక్కడ సేంద్రియ పదార్థం కొంచెం ఎక్కువే. కాబట్టి రసాయన ఎరువు చేసిన తప్పు చంపడం కాదు, పైరుకు పెట్టి బాక్టీరియాను పస్తుంచడం.

మరి రోథమ్‌స్టెడ్‌లోనే 1856లో మొదలైన పార్క్‌గ్రాస్ పచ్చిక మాటేమిటని అడగవచ్చు. ఏళ్ల తరబడి అమ్మోనియం సల్ఫేట్ వేసి సున్నం వేయని మడుల్లో మట్టి ఎంత ఆమ్లంగా మారిందంటే, ఎండిన గడ్డి కుళ్లక నేల మీద చాపలా పేరుకుంది. ఆ నష్టం నిజమే. కానీ నత్రజనిని సోడియం నైట్రేట్‌గా అందుకున్న పక్క మడులకు ఆ గతి పట్టలేదు. దోషం ఆమ్లానిది, నత్రజనిది కాదు.

ఏటా ఎకరాకు 14 టన్నుల పెంట ఏ రైతు తేగలడన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. పశువులు తగ్గి ట్రాక్టర్లు వచ్చిన మన ఊళ్లలో అది అసాధ్యమే. రోథమ్‌స్టెడ్‌లోని హూస్‌ఫీల్డ్ బార్లీ చేను కొంత ఊరట. అక్కడ ఒక మడికి 1852 నుంచి 1871 దాకా పెంట తోలి ఆపేశారు. శతాబ్దం దాటాక కూడా ఆ మట్టిలో సేంద్రియ పదార్థం పక్క మడికన్నా ఎక్కువే ఉంది. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపే జీవామృతాన్నీ ఇదే తూకంతో చూడాలి. పీపాడు ద్రవం ఎకరానికి ఇచ్చే కర్బనం, పెంట బండ్ల ముందు లెక్కలోకి రాదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం జీవామృతంతో సరిపెట్టక ఆచ్ఛాదన (నేలను కప్పి ఉంచడం) కావాలనీ, ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పైరు ఉండాలనీ పట్టుబట్టడంలో అర్థముంది. రైతులు తరచు వదిలేసేది ఈ రెంటినే.