గాజుతొట్టిలో పెరిగినది: మొక్కా, జంతువా?

మాంట్రియల్‌లో చలికాలం మొదలవుతున్న రోజుల్లో మా అమ్మాయి ఇంట్లో మంచినీటి అక్వేరియం ఒకటి పెట్టుకుంది. అడుగున ఇసుక, ఒక కొయ్యదుంగ, దుకాణంలో కొన్న నీటిమొక్కలు. చేపలింకా రాలేదు. రెండు వారాలకు దుంగ మీద తెల్లటి బూజు కమ్మింది. ఆ తరువాత గాజుకు లోపలివైపు సన్నని ఆకుపచ్చని పోగులు కనిపించాయి.

“నాన్నా, ఇవి మొక్కలా, పురుగులా?” అని అడిగింది. నేను సరిగ్గా చూడకుండానే, తొట్టి ఖాళీ చేసి బ్లీచింగుతో కడిగెయ్యమన్నాను. పాతికేళ్ళకు పైగా వైద్యం చేస్తున్నవాడికి, అనుకోకుండా పెరిగినదేదైనా మొదట ఇన్‌ఫెక్షన్‌గానే తోస్తుంది.

బూజు సంగతి చిన్నదే. కొయ్యలోంచి ఊరే పదార్థాలను తిని బాక్టీరియా, శిలీంధ్రాలు పెరుగుతాయి. ఆ తిండి అయిపోతే కొన్ని వారాల్లో అవే తగ్గిపోతాయి. పోగుల సంగతి వేరు. భూతద్దంలో చూస్తే ప్రతి పోగు కొసనా సన్నని చేతులు కదులుతున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివిన జీవశాస్త్రం గుర్తుకొచ్చింది: హైడ్రా, స్పర్శకాలు, కోరకీభవనం. అప్పట్లో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాను కాని, బతికున్న హైడ్రాను చూడడం అదే మొదలు.

మా అమ్మాయి వేసిన ప్రశ్ననే 1740 వేసవిలో ఏబ్రహాం ట్రెంబ్లే వేసుకున్నాడు. కెబెక్‌లో అడుగడుగునా వినిపించే ట్రాంబ్లే అన్న ఇంటిపేరుకు ఈ పేరు దగ్గరగా ఉన్నా, ఈయనది జెనీవా. హాలండ్‌లో, హేగ్ నగరం దగ్గర, బెంటింక్ ప్రభువు కుమారులిద్దరికీ చదువు చెప్పేవాడు. కాలువలో తీసిన నీటిమొక్కలను గాజుజాడీలో వేసి ఉంచితే, వాటిమీద ఈ పోగులు కనిపించాయి. 1702లోనే లేవెన్‌హుక్ వీటిని చూసి వర్ణించాడు. ట్రెంబ్లేకు ఆ సంగతి తెలియదు.

రంగు చూస్తే మొక్క. ఆ పచ్చదనం దాని కణాల్లో కాపురముండే శైవలాలదని తరువాతి కాలంలో తేలింది. నడక చూస్తే జంతువు. ఒక్కోదానికి ఒక్కో సంఖ్యలో చేతులుండడం మళ్ళీ చెట్టుకొమ్మలను తలపించింది. సందేహం తీర్చుకోవడానికి నవంబర్ 25న ఒకదాన్ని అడ్డంగా రెండుగా కోశాడు. మొక్కయితే రెండు ముక్కలూ చిగురిస్తాయి, జంతువైతే చస్తుందని ఆయన లెక్క. కొన్ని రోజులకు ఆ రెండు ముక్కలూ రెండు పూర్తి ప్రాణులయ్యాయి. అవి నడిచాయి, వేటాడి తిన్నాయి కూడా.

అంటే ప్రశ్నలోనే పొరపాటుంది. తిరిగి మొలవడం మొక్కల సొత్తు కాదు. పారిస్‌లోని రెయోమ్యూర్ నమూనాలను తెప్పించుకుని చూసి, ఇది జంతువేనని 1741లో తేల్చాడు. ఆత్మను విభజించలేమని నమ్మిన యూరప్‌లో, రెండుగా కోస్తే రెండయ్యే జంతువు పెద్ద దుమారమే రేపింది. ట్రెంబ్లే మాత్రం వాదాల జోలికి పోకుండా, అడిగినవారికల్లా హైడ్రాలను పంపుతూ, ఎవరికి వారే కోసి చూసుకోమన్నాడు. 1743లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకం ఇచ్చింది. 1744లో ఆయన పుస్తకం వెలువడింది. అందులోని బొమ్మల్లో శిష్యులిద్దరూ కనిపిస్తారు.

మూలకణాల మీద నేటి పరిశోధనల్లోనూ హైడ్రా ఉంది. నాలుగేళ్ళపాటు పెంచిన హైడ్రాలలో వార్ధక్యపు జాడ కనబడలేదని 1998లో డేనియల్ మార్టినెజ్ ప్రకటించాడు. ముసలితనాన్ని రోజూ చూసే నావంటివాళ్ళకు ఇది చిన్న వార్త కాదు. దాన్నే నేను బ్లీచింగుతో కడిగెయ్యమన్నాను!

హైడ్రాల వల్ల అప్పుడే పుట్టిన చేపపిల్లలకు ముప్పే గాని, పెద్ద చేపలకు కాదు. ఆ మాట చెప్పి, అమ్మాయికి సన్నని బ్లేడు ఒకటి ఇచ్చాను. ఒక హైడ్రాను కోసి, ముక్కలను వేరే గిన్నెలో ఉంచింది. మూడో రోజు ఉదయం కింది ముక్కకు చేతులు మొలుస్తున్నాయని నన్ను నిద్రలేపింది.