శ్రీరామ జాతకము: గ్రహస్థితి, మనఃస్థితి

సత్తుపల్లి మొదలుకొని భద్రాచలము వఱకు గల అరణ్యసీమ ప్రజలకు చైత్రశుద్ధ నవమి కేవలమొక తిథి కాదు. ఆనాటి మధ్యాహ్నము అభిజిల్లగ్నమున భద్రాద్రిపై సీతారామ కల్యాణము జరుగును. పెండ్లిపీటపై నున్న వరుని జన్మదినమును అదియే. కావున ఈ సీమలో శ్రీరామ జాతకమును విచారించుట యుచితము.

వాల్మీకి రామాయణ బాలకాండము, 18వ సర్గమునందలి ప్రచలిత పాఠమున నవమి తిథి, పునర్వసు నక్షత్రము, కర్కాటక లగ్నము, లగ్నమున గురుచంద్రులు, ఉచ్చస్థానములందు ఐదు గ్రహములు చెప్పబడినవి. ఆ యైదింటి పేర్లు మూలమున లేవు. రవి మేషమునను, కుజుడు మకరమునను, గురుడు కర్కాటకమునను, శుక్రుడు మీనమునను, శని తులయందును ఉన్నట్లు సంప్రదాయము గ్రహించినది.

క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహజ్జాతకమున గ్రహములను అంతరంగముతో ముడిపెట్టినాడు. రవి ఆత్మ, చంద్రుడు మనస్సు, కుజుడు సత్త్వము, బుధుడు వాక్కు, గురుడు జ్ఞానసుఖములు, శుక్రుడు కామము, శని దుఃఖము. ఈ సూత్రముతో చదివినచో రామకథ యంతయు ఆ చక్రమున గోచరించును. సుఖస్థానమైన చతుర్థమున దుఃఖకారకుడైన శని యుండుట గృహసౌఖ్యభంగము. కళత్రస్థానమైన సప్తమమున కుజుడుండుట సీతావియోగము. అయినను మనఃకారకుడగు చంద్రుడు స్వక్షేత్రమున గురునితో గూడియున్నాడు. కష్టములు తప్పలేదు, మనస్సు చలింపలేదు. సంఘటనను, దానిని భరించు మనస్సును వేఱుపఱచి చూచుటయే ఈ శాస్త్రదృష్టిలోని విశేషము.

ఇక గణితమును పరీక్షింతము. ఒక్కొక్క తిథి రవిచంద్రుల మధ్య 12 భాగల యంతరము. నవమి 96 మొదలు 108 భాగల వఱకు. పునర్వసు మేషాది నుండి 93 భాగల 20 కలలకు ముగియును. రవి మేషారంభముననే యున్నాడనుకొన్నను అంతరము అంతకు మించదు. అది అష్టమియే యగును. రవిని మీనమునకు జరుపుదమన్నచో ఉచ్చగ్రహములు ఐదు కాజాలవు. ఏలయన, పునర్వసునందలి చంద్రునకు వృషభోచ్చ లేదు. రవికి 28 భాగలకు మించి దూరము పోని బుధునకు కన్యోచ్చ లేదు. మిగిలిన యైదింటిలో రవి యుండితీరవలెను. కావున ఈ లక్షణములన్నియు ఏ యుగముననైనను ఏకకాలమున సంభవింపవు. నేడు కంప్యూటరు సాయమున ఈ శ్లోకములనుండి రామజననమునకు క్రీస్తుపూర్వ తేదీలు నిర్ణయించువారు వీనిలో నొకదానినైనను సడలింపక తప్పదు.

అంతమాత్రమున ఆ శ్లోకములు వ్యర్థములు కావు. మేషాది రాశివిభాగము యవన సంపర్కమున మన దేశమునకు వచ్చినదని పండితుల యభిప్రాయము. కాన ఆ సంకేతము ప్రచారములోనికి వచ్చిన పిదప, లోకోత్తర పురుషుని కవి ఆ భాషలో వర్ణించినాడనుట సమంజసము. అది జన్మపత్రిక కాదు, శీలచిత్రణము.

దీనివలన నొక ప్రయోజనము కలదు. సప్తమ కుజుడున్నాడని నేటికిని ఎన్నియో సంబంధములు చెడుచున్నవి. ఆ దోషమునే యెంచువారు, సంప్రదాయము చొప్పున సప్తమ కుజుడున్న వరుని కల్యాణమును ఏటేట కన్నులపండువుగా చూచి, ఆ తలంబ్రాలను తమ యిండ్ల పెండ్లిండ్లకై దాచుకొనుచున్నారు. జాతకమును నమ్మువారును నమ్మనివారును ఆలోచింపదగిన విషయమిది.