కాళి గెలిచిందా?

ఏర్పేడు మండలంలోని గుడిమల్లం గుళ్లో, లింగం మీద చెక్కిన మూర్తి ఓ జంతువుని వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీస్తూ, భుజాన గొడ్డలితో నిలబడి ఉంటాడు. చూడగానే నాకు వేటగాడే గుర్తొస్తాడు. ఏర్పేడు దాటి శ్రీకాళహస్తి పోతే ఇంకో వేటగాడు, తిన్నడు. 12వ శతాబ్దపు తమిళ పెరియపురాణంలో అతన్ని ఆ కొండ దాకా పరిగెత్తించింది ఓ అడవిపందే. చివరిదాకా తరిమిన ముగ్గురు మనుషుల పేర్లూ మనకి తెలుసు. వేటకుక్కలు మాత్రం గుంపుగానే మిగిలిపోయాయి.

పేరు దక్కిన కుక్క కావాలంటే కర్ణాటకలోని మండ్య జిల్లా, ఆతకూరు శాసనం చూడాలి. క్రీ.శ. 949-50 నాటిది. అరక్కోణం దగ్గరి తక్కోలంలో చోళులకీ రాష్ట్రకూటులకీ జరిగిన యుద్ధంలో, రాష్ట్రకూటుల వైపున్న గంగరాజు రెండో బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపాడు. బూతుగుడు తన అనుచరుడు మణలేరుణ్ణి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, అతను రాజుగారి వేటకుక్క కాళిని అడిగాడు. తర్వాత ఓ కొండ మీద కాళిని పెద్ద పంది మీదికి ఉసిగొల్పారు. కుక్కా పందీ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. కాళి కోసం గుడి ముందు రాయి నిలబెట్టారు, భూమి ఇచ్చారు. ఇప్పుడా రాయి బెంగళూరు మ్యూజియంలో ఉంది. దానిమీద కుక్కా పందీ ఎదురెదురుగా తలపడుతూ కనిపిస్తాయి.

ఇదే కాళిని అమెరికా పంపిద్దాం. లూసియానాలోని విన్‌ఫీల్డ్‌లో 1995 నుంచి పందికుక్కల పోటీలు పెట్టారు. పందులవేట ఇష్టపడ్డ గవర్నర్ ఎర్ల్ లాంగ్ పేరు మీద. ఇలాంటి పోటీల్లో కంచె కట్టిన దొడ్లో ఓ పందిని వదిలి, ఒకటో రెండో కుక్కల్ని పంపుతారు. కొద్ది నిమిషాలే టైము. పందికి ఎదురుగా నిలబడాలి, చూపు తిప్పకూడదు, ఆపకుండా మొరగాలి. పక్కకి పోయినా, నోరు మూసినా మార్కులు పోతాయి. నిబంధనలు పోటీని బట్టి మారినా, పంటితో పట్టేస్తే మామూలుగా నష్టమే.

దానికి కారణం అడవిలోనే ఉంది. పందిని నిలేసి మొరిగే కుక్క వేరు, పట్టే కుక్క వేరు. మొదటిది గొంతుతో వేటగాడికి దారి చూపాలి. తొందరపడి మీద పడితే పంది కోరలకి చీలిపోతుంది, లేదా పంది తప్పించుకుపోతుంది. అంటే జడ్జి కొలిచేది ధైర్యాన్ని కాదు, ధైర్యాన్ని ఆపుకోగలగడాన్ని.

ఆ లెక్కన కాళి ఓడిపోయినట్టే. ఆతకూరులో మాత్రం దానికి నూటికి నూరు. యుద్ధంలో చచ్చిన మనిషిని కొలిచిన కొలతతోనే కుక్కనీ కొలిచారు వాళ్లు. లూసియానా వాళ్లు పనివాణ్ణి కొలిచినట్టు కొలుస్తున్నారు. రెండు చోట్లా మార్కుల పట్టీ మనిషి అవసరమే.

మన దేశంలో జంతువుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. నాకది సబబే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ రాతిమీద కాళికి పేరుంది, మణలేరుడికి పేరుంది. కాళి ఎంత గొప్పదో రుజువు చెయ్యడానికి చచ్చిన పందికి ఏ పేరూ లేదు, దొడ్లో నిలబెట్టిన పందికి ఏ మార్కులూ లేవు.